ఇర్ఫాన్ పఠాన్ స్వింగ్ ఎక్కడ పోయింది? "ఛాపెల్" అని ఒక్క ముక్కలో చెప్పొద్దు

కొత్తబంతి_కోటి

ఇర్ఫాన్ ఆఖరి టెస్టు 2008 ఏప్రిల్‌లో, అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికా మీద. మనవాళ్లు 76కి ఆలౌటైన మ్యాచ్. అప్పటికి అతని వయసు 23. చాలామంది పేసర్లకి ఆ వయసుకి ఇంకా తొలి టెస్టే దొరకదు. ఇతనికి అప్పటికే 29 టెస్టులు, సరిగ్గా 100 వికెట్లు, 1105 పరుగులు, ఒక సెంచరీ. టెస్టు కెరీర్ మొత్తం అంతే, అయిపోయింది.

2003 డిసెంబరులో అడిలైడ్‌లో 19 ఏళ్ల కుర్రాడు వచ్చి హేడెన్‌ని ఔట్ చేశాడు. పై నెలలో సిడ్నీలో యార్కర్‌తో గిల్‌క్రిస్ట్ స్టంపులు లేపాడు. 2006 జనవరిలో కరాచీలో టెస్టు మొదటి ఓవర్లోనే హ్యాట్రిక్. అదే ఏడాది డిసెంబరులో దక్షిణాఫ్రికా పర్యటన పూర్తవకుండానే ఇంటికి పంపేశారు. మధ్యలో పదకొండు నెలలు.

ఆ పదకొండు నెలల్లో అతని స్వింగ్‌కి, అంటే బంతిని గాల్లో వంపు తిప్పే విద్యకి, ఏమైంది? బౌలింగ్‌లో ఏం చెడింది? మణికట్టా, రనప్పా, వేగమా? ఎవర్ని అడిగినా అప్పటి మన కోచ్ గ్రెగ్ ఛాపెల్ పాడుచేశాడు అంటారు, ఆ తర్వాత మాట ఉండదు. బంతి చేతిలోంచి వదిలే దగ్గర ఏమైందో తెలిసినవాళ్లు చెప్పండి.


పెవిలియన్_పుల్లారావు

మీరొద్దన్నా నేనంటా. ఛాపెల్. 2005 అక్టోబరు, నాగపూర్ వన్డే, శ్రీలంక మీద మూడో నంబర్లో దింపారు. 83 కొట్టాడు. ఆ 83 కొంప ముంచింది. అప్పట్నుంచి అతను బౌలరో బ్యాట్స్‌మనో ఎవరికీ తెలీకుండా పోయింది.


ఆఫ్‌స్టంప్

పుల్లారావు గారూ, ఆ మూడో నంబర్ ఆలోచన సచిన్‌ది అని ఇర్ఫానే ఇంటర్వ్యూలో చెప్పాడు. తన కెరీర్ ఛాపెల్ వల్ల పోయిందనడం సరికాదని కూడా అన్నాడు. ఆడినవాడే కాదంటుంటే మనమెందుకు పట్టుకు వేలాడటం.


సీమ్_సుబ్బరాజు

కోటి అడిగింది బంతి గురించి కదా, బంతి గురించే మాట్లాడదాం. కాస్త పొడుగవుతుంది.

ముందు ఒక అపోహ తీసేయాలి. ఇర్ఫాన్ ఆయుధం ఇన్‌స్వింగర్ (బ్యాటర్ లోపలికి తిరిగే బంతి) అనగానే మనకి కుడిచేతి బౌలర్ ఇన్‌స్వింగరే గుర్తొస్తుంది. ఛాతీ తెరుచుకుని, మణికట్టు కొంచెం లోపలికి తోసి వేసేది. ఇర్ఫాన్ లాంటి ఎడమచేతివాడు కుడిచేతి బ్యాటర్‌కి వేసే ఇన్‌స్వింగర్ అది కాదు. అది కుడిచేతివాడి ఔట్‌స్వింగర్‌ని (బయటికి తిరిగే బంతిని) అద్దంలో చూసినట్టు ఉంటుంది. అంటే దానికి కావలసినవన్నీ ఔట్‌స్వింగర్‌కి కావలసినవే. ముందు భుజం (ఇర్ఫాన్‌కి కుడిభుజం) చివరిదాకా మూసి ఉండాలి. ఒళ్లు పక్కకి తిరిగి ఉండాలి. చేయి చెవి పక్కనుంచి పైనుంచి దిగాలి. మణికట్టు బంతి వెనకాల నిటారుగా ఉండాలి.

పట్టు: చూపుడు వేలు, మధ్య వేలు సీమ్‌కి (బంతి కుట్టుకి) అటూ ఇటూ, బొటనవేలు కింద సీమ్ మీద. సీమ్ ఫైన్‌లెగ్ వైపు (బ్యాటర్ వెనక, కాళ్ల పక్కకి) ఒక 20 డిగ్రీలు వాలి ఉండాలి. నున్నటి వైపు ఆఫ్‌సైడ్‌కి, గరుకు వైపు లెగ్‌సైడ్‌కి. వదిలేటప్పుడు వేళ్లు బంతి వెనక నుంచి నిట్టనిలువునా కిందకి జారితే బంతి వెనక్కి గిరగిరా తిరుగుతూ వెళ్తుంది. ఆ తిరుగుడే సీమ్‌ని గాల్లో కదలకుండా నిలబెడుతుంది, బొంగరం తిరిగినంతసేపూ పడిపోకుండా నిలబడ్డట్టు. సీమ్ ఊగితే స్వింగ్ లేదు.

2004 వీడియోలు చూడండి, సీమ్ గీత గీసినట్టు ఉంటుంది. 2006 వెస్టిండీస్ పర్యటన నాటికి ఊగుతోంది. కారణం నా లెక్కలో మణికట్టు కాదు, భుజం. కుడిభుజం ముందే తెరుచుకోవడం మొదలైంది. భుజం తెరుచుకుంటే ఛాతీ బ్యాటర్ వైపు తిరుగుతుంది, చేయి పైనుంచి రాక పక్కనుంచి వస్తుంది, వేళ్లు బంతి వెనక కాకుండా పక్కన పడతాయి. ఇంక నువ్వు ఎంత బాగా పట్టుకున్నా సీమ్ నిలవదు.


కొత్తబంతి_కోటి

ఇదీ నేనడిగింది. కానీ భుజం ఎందుకు తెరుచుకుంది మాస్టారూ? రెండేళ్లు సరిగ్గా వేసినవాడికి ఒక్కసారిగా ఎందుకు?


సీమ్_సుబ్బరాజు

ఒక్కసారిగా కాదు. మెల్లగా. దానికి వేగం మీద మోజు ఒక కారణం, అలసట ఇంకో కారణం. రెండూ ఒకేచోటికి లాగాయి. అలసిన ఒళ్లు నడుముతో తిరగలేక భుజంతో లాగుతుంది. వేగం పెంచాలని బలం పెట్టేవాడూ సరిగ్గా అదే చేస్తాడు.


లెక్కల_లక్ష్మి

అలసట మాటకి ఒక అంకె. వన్డేల్లో 100 వికెట్లు 59 మ్యాచుల్లో తీశాడు. 2019 జనవరిలో షమీ 56లో దాటేదాకా భారత్ తరఫున అదే వేగవంతమైన రికార్డు. తొలి వన్డే 2004 జనవరిలో. రెండున్నరేళ్లలోపే ఆ 59 మ్యాచులు, పక్కనే టెస్టులు, వాటిలో బ్యాటింగ్ కూడా. 19 నుంచి 21 ఏళ్ల వెన్నెముక మీద పడ్డ బరువు అది.


ఆఫ్‌స్టంప్

లక్ష్మి గారూ, మంచి అంకె. కానీ నాకు వేరే అనుమానం. అసలు "చెడింది" అనే ముందు, ఎంత బాగుండేదో చూశామా? టెస్టుల్లో అతని పెద్ద పంటలన్నీ ఎవరిమీద?


లెక్కల_లక్ష్మి

చూశా. కొంచెం బాధపెట్టే లెక్కే.

2004 డిసెంబరు, బంగ్లాదేశ్‌లో రెండు టెస్టులు: 18 వికెట్లు. ఢాకాలోనే 5/45, 6/51 (వికెట్లు/పరుగులు).
2005 సెప్టెంబరు, జింబాబ్వేలో రెండు టెస్టులు: 21 వికెట్లు. బులవాయోలో 5/58, 4/53. హరారేలో 7/59, 5/67.

అంటే 100లో 39 వికెట్లు నాలుగు టెస్టుల్లో. మిగతా 25 టెస్టుల్లో 61. మొత్తం సగటు 32.26 కాబట్టి చూడ్డానికి బానే ఉంటుంది, ఈ నాలుగు టెస్టులు పక్కన పెడితే 45 దాటిపోతుంది. ఐదు వికెట్ల ప్రదర్శనలు ఏడు. ఆరు ఈ రెండు దేశాల మీదే, ఏడోది కరాచీలో 5/61.


పెవిలియన్_పుల్లారావు

వికెట్లు వికెట్లే కదమ్మా. జింబాబ్వే మీద తీస్తే లెక్కలోకి రావా.


ఆఫ్‌స్టంప్

వస్తాయి, ఎందుకు రావు. కానీ అప్పటి జింబాబ్వే, చాలామంది సీనియర్లు బోర్డుతో గొడవపడి వెళ్లిపోయాక మిగిలిన జట్టు. లోపలికి వచ్చే బంతికి ముందు కాలు అడ్డంగా వేసి ఆడే కుర్రాళ్లు. అక్కడ ఒక్క ఇన్‌స్వింగర్ సరిపోయింది. లాహోర్‌లో 2006లో ఏమైంది? పాకిస్థాన్ 679/7. మనవాళ్లు 410/1. ఆ పిచ్ మీద ఎవరికీ ఏమీ లేదు, నిజమే. కానీ ఏమీ లేనిచోట ఏం చేస్తాడన్నదే కదా టెస్టు బౌలర్‌కి పరీక్ష. కట్టర్ (పిచ్ మీద పడ్డాక పక్కకి తెగే బంతి) లేదు, మెరుపు బౌన్సర్ లేదు, పాత బంతితో నమ్మకంగా రివర్స్ (మామూలుకి ఎదురు వైపు స్వింగ్) లేదు.

నా ఉద్దేశం, ఇర్ఫాన్ చెడిపోలేదు. అతని దగ్గర ఉన్నది మొదట్నుంచీ ఒకే ఒక్క అద్భుతమైన బంతి. అది పడ్డరోజు దేవుడు, పడనిరోజు నెట్ బౌలర్.


ఓరుగల్లు_స్వింగ్

గట్లెట్లంటవన్నా. నెట్ బౌలర్ అనుడు తప్పు. సిడ్నీల గిల్‌క్రిస్ట్‌కు ఏసిన యార్కర్ ఏంది మరి? అది కొత్తబంతి ఇన్‌స్వింగరా? గిల్‌క్రిస్ట్ ఎడమచేతి ఆటగాడాయె. ఆ వయసుల ఆస్ట్రేలియా గడ్డ మీద గంత ధైర్యంగ కాళ్లల్ల ఏసుడు ఒక్క బంతి ఉన్నోడు చేసే పని కాదు.


ఆఫ్‌స్టంప్

సరే, నెట్ బౌలర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. నోరు జారింది. మిగతాది ఉంచుతా.


సీమ్_సుబ్బరాజు

ఎడమచేతి బ్యాటర్ల మాట ఎత్తారు కాబట్టి కరాచీ ఓవర్ చెప్పుకోవాలి. హ్యాట్రిక్ అందరికీ గుర్తే, ఆ మూడు బంతుల్ని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ.

నాలుగో బంతి: సల్మాన్ బట్, స్లిప్‌లో ద్రావిడ్‌కి క్యాచ్.
ఐదో బంతి: యూనిస్ ఖాన్, ఎల్బీ.
ఆరో బంతి: మహమ్మద్ యూసుఫ్, బౌల్డ్.

ఒకటి అంచుకి తగిలింది, ఒకటి ప్యాడ్‌కి, ఒకటి స్టంపులకి. మూడు రకాల బంతులు అనిపిస్తుంది. కాదు, మూడూ ఒకే వైపు తిరిగాయి. బట్ ఎడమచేతివాడు, అతనికి అది బయటికి పోయే బంతి. యూనిస్, యూసుఫ్ కుడిచేతివాళ్లు, వాళ్లకి లోపలికి వచ్చే బంతి. అదే సీమ్, అదే మణికట్టు. బ్యాటర్ మారాడంతే.

ఆఫ్‌స్టంప్ "ఒకే ఒక్క బంతి" అన్నమాట ఇక్కడ నిజమే. కానీ ఆ ఒక్క బంతి సరిగ్గా పడితే ఎంత విలువో కూడా ఇక్కడే ఉంది. పాకిస్థాన్ 0 పరుగులకి 3 వికెట్లు. కాసేపటికి 39/6.


తెనాలి_థర్డ్‌మ్యాన్

ఆ మ్యాచ్ మనం 341 పరుగుల తేడాతో ఓడాం. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోద్ది. 39/6 నుంచి కమ్రాన్ అక్మల్ 113 కొట్టి 245కి చేర్చాడు. రెండో ఇన్నింగ్స్‌లో 599/7 డిక్లేర్.


సీమ్_సుబ్బరాజు

థర్డ్‌మ్యాన్, ఇర్ఫాన్ కెరీర్ మొత్తం ఆ మ్యాచ్‌లోనే ఉంది. తేమ ఉన్న ఉదయం, కొత్త బంతి, సీమ్ నిటారుగా: ఆడలేరు. 20 ఓవర్లు పాతబడ్డ బంతి, ఎండ ఎక్కాక: అక్మల్ నిలబడి ఆడాడు. కూకబుర్రా లాంటి బంతికి సీమ్ తొందరగా అణిగిపోతుంది, మామూలు స్వింగ్ 15 ఓవర్ల లోపే తగ్గిపోతుంది. మన ఎస్‌జీ బంతికి చేతికుట్టు, సీమ్ ఎక్కువసేపు లేచి ఉంటుంది. అయినా రోజుకి 90 ఓవర్లు. మిగతా 70 ఓవర్లకి వేరే సరుకు కావాలి.


కొత్తబంతి_కోటి

వేగం సంగతి ఎవరూ చెప్పలేదు. 135 దరిదాపుల్లో వేసేవాడు 125కి, ఒక్కోసారి ఇంకా కిందకి పడిపోయాడు. వేగం పోవడం వల్లే స్వింగ్ పోయిందని టీవీలో అనేవాళ్లు.


లెక్కల_లక్ష్మి

అది తలకిందులు. వేగం తగ్గితే స్వింగ్ తగ్గదు. మామూలు స్వింగ్‌కి 110–120 కిలోమీటర్లు చాలు, కొత్త బంతి బాగా తిరిగేది ఆ వేగంలోనే. పోయేది బ్యాటర్ మీద ఒత్తిడి. చేయి వదిలిన చోటు నుంచి బ్యాటర్ దాకా సుమారు 17.7 మీటర్లు. 135 వేగంతో 0.47 సెకను. 125 వేగంతో 0.51. గాలి ఆపేది పక్కన పెడితే తేడా 0.04 సెకను. వినడానికి ఏమీ లేదు, కానీ తిరుగుతున్న బంతికి బ్యాట్ ముఖం సరిచేసుకోవడానికి ఆ కాస్త చాలు. పైగా తక్కువ వేగంలో బంతి చేతిలోంచే తిరగడం మొదలుపెట్టినట్టు కనిపిస్తుంది, బ్యాటర్ ముందే చదివేస్తాడు. ఆలస్యంగా తిరిగిందే వికెట్ తీస్తుంది.


ఓరుగల్లు_స్వింగ్

కరెక్ట్ చెప్పినవ్ అక్కా. చమిందా వాస్‌ను చూడుర్రి. గంత వేగమేమీ లేదు. ఎడమచేతి వాటమే. టెస్టుల్ల 355, వన్డేల్ల 400 వికెట్లు. మన డెక్కన్ చార్జర్స్‌కు ఆడినప్పుడు గూడ 30 దాటిన వయసే, కొత్తబంతితోని ఎట్ల ఇబ్బందిపెట్టిండో యాదికుందా? ఆయన దగ్గర కట్టర్లున్నయ్, క్రీజ్ వాడుకునుడు ఉంది. ఇర్ఫాన్‌కు వేగం పోయినంక వాస్ తొవ్వ పట్టాలె. పట్టలే.


ఆఫ్‌స్టంప్

అంటే నా మాటకే వచ్చావు తమ్ముడూ :)


ఓరుగల్లు_స్వింగ్

సగం వచ్చిన. నెట్ బౌలర్ మాత్రం ఒప్పుకోను.


సీమ్_సుబ్బరాజు

ఇక్కడ ఎల్బీ నిబంధన కూడా కలిపి చూడాలి. ఎడమచేతివాడు ఓవర్ ద వికెట్ (బంతి వేసే చేయి స్టంపుల వైపు ఉండేలా) వేస్తే బంతి కుడిచేతి బ్యాటర్‌కి లెగ్ వైపు నుంచి ఆఫ్ వైపు అడ్డంగా పోతుంది. తిరగకపోతే ఆఫ్‌స్టంప్ దాటి వెళ్లిపోతుంది, బ్యాటర్ వదిలేస్తాడు. లెగ్‌స్టంప్ అవతల పిచ్ అయితే ఎల్బీ లేదు. కాబట్టి స్టంపుల లైన్లో పడి లోపలికి తిరిగితేనే బౌల్డ్, ఎల్బీ. భుజం తెరుచుకున్నాక ఇర్ఫాన్ క్రీజ్ చివరికి కూడా జరిగాడు, స్టంపులకి దూరంగా. దాంతో అడ్డం ఇంకా పెరిగింది. అంతకుముందు 10 అంగుళాలు తిరిగితే స్టంపులకి తగిలేది, ఇప్పుడు 15 తిరగాలి అన్నట్టు (అంకెలు ఊరికే పోలికకి). తిరుగుడు తగ్గినప్పుడే అవసరం పెరిగింది. రెండు వికెట్ దారులు ఒకేసారి మూసుకున్నాయి. మిగిలింది స్లిప్ క్యాచ్. 125 వేగంలో అంచు తగిలినా బంతి స్లిప్ దాకా చేరడం కష్టం.


తెనాలి_థర్డ్‌మ్యాన్

మరి జహీర్? అతన్నీ 2005–06లో పక్కన పెట్టారు కదా. అతనెట్టా బాగుపడ్డాడు?


లెక్కల_లక్ష్మి

2006లో ఇంగ్లండ్ కౌంటీ జట్టు వూస్టర్‌షైర్‌కి వెళ్లి 78 వికెట్లు తీశాడు. రనప్ తగ్గించాడు, క్రీజ్ దగ్గర ఎగిరే ఎగురుడు తీసేశాడు. రోజూ అక్కడ వాడే డ్యూక్ బంతి, నెలల తరబడి నాలుగు రోజుల మ్యాచులు. తర్వాతి ఏడాది ట్రెంట్‌బ్రిడ్జ్‌లో 9 వికెట్లు. మొత్తం 92 టెస్టులు, 311 వికెట్లు.


సీమ్_సుబ్బరాజు

జహీర్ పక్కన కూర్చున్న ఆర్నెల్లలో ఒక్కటే పని చేశాడు, బౌలింగ్. ఇర్ఫాన్‌కి ఆ ఆర్నెల్లు రాలేదు. జట్టులోంచి పూర్తిగా తీయలేదు, ఎందుకంటే బ్యాట్‌తో కొడుతున్నాడు. ఢిల్లీలో శ్రీలంక మీద 93, అహ్మదాబాద్‌లో 82, ఫైసలాబాద్‌లో 90. పరుగులు వస్తున్నంత కాలం బౌలింగ్ జబ్బు కనిపించలేదు. కనిపించేసరికి 2007 ప్రపంచకప్ వచ్చేసింది. జట్టుతో వెళ్లాడు, ఒక్క మ్యాచ్ ఆడలేదు.

పుల్లారావు గారి మాటలో నిజం ఇదే. బ్యాటింగ్ పాడుచేయలేదు, బ్యాటింగ్ దాచిపెట్టింది.


పెవిలియన్_పుల్లారావు

ఇది ఒప్పుకుంటా. "దాచిపెట్టింది" సరైన మాట. ఛాపెల్ పేరు వెనక్కి తీసుకోను గానీ, పెద్ద అక్షరాల్లోంచి చిన్న అక్షరాల్లోకి దించుతున్నా.


కొత్తబంతి_కోటి

మరి 2007 సెప్టెంబరు? జొహానెస్‌బర్గ్‌లో పాకిస్థాన్ మీద టీ20 ప్రపంచకప్ ఫైనల్లో 3/16, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. 2008 జనవరి, ఆస్ట్రేలియా మీద పెర్త్ టెస్టు, అక్కడా మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. పోయినవాడు ఎలా వచ్చాడు, వచ్చినవాడు ఎలా పోయాడు?


సీమ్_సుబ్బరాజు

టీ20లో 24 బంతులు. అలసట రాదు, బ్యాటర్ కొట్టాలనే వస్తాడు, 125 వేగం అక్కడ బలమే. ఫైనల్లో తీసిన మూడూ షోయబ్ మాలిక్, అఫ్రిది, యాసిర్ అరాఫత్. బ్యాట్ గట్టిగా ఊపే సమయానికి బంతి నెమ్మదిగా, పొడుగ్గా, సూటిగా వచ్చింది. అది తెలివి, స్వింగ్ కాదు.

పెర్త్ వేరు. అక్కడ సముద్రపు గాలి ఉంటుంది, బంతి తిరిగింది. రోజర్స్, జాక్స్ ఇద్దరినీ రెండు ఇన్నింగ్స్‌లోనూ తీశాడు. ఇద్దరూ ఎడమచేతివాళ్లే, బట్‌కి వేసిన ఆ బంతే! బ్యాట్‌తో 28, 46. మనం 72 పరుగులతో గెలిచాం. నా దృష్టిలో అతని అన్నిటికన్నా విలువైన టెస్టు ఇదే, హరారే 12 వికెట్లు కాదు.


లెక్కల_లక్ష్మి

ఆ 46 రెండో ఇన్నింగ్స్‌లో మూడో నంబర్లో, నైట్‌వాచ్‌మన్‌గా (ఆట ముగిసే వేళ అసలు బ్యాటర్‌ని కాపాడటానికి) వచ్చి కొట్టాడు. పాంటింగ్ జట్టు మీద, పెర్త్ బౌన్స్‌లో. అంతకు నెల ముందే బెంగళూరులో పాకిస్థాన్ మీద 102. ఈ రెండూ పక్కన పెట్టుకుంటే, బ్యాటింగ్‌ని ఊరికే అదనపు సరుకుగా చూడటం అన్యాయం. సగటు 31.57. కపిల్‌దేవ్ టెస్టు సగటు 31.05.


ఆఫ్‌స్టంప్

కపిల్ 131 టెస్టులు ఆడాడు లక్ష్మి గారూ.


లెక్కల_లక్ష్మి

తెలుసు. పోటీ పెట్టట్లేదు. 23 ఏళ్లకి చేతిలో ఉన్నదేమిటో చెబుతున్నా.


ఓరుగల్లు_స్వింగ్

2012 పల్లెకెలె మర్చిపోతున్రు. శ్రీలంక మీద 5/61, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. అదే ఆఖరు వన్డే! 120 వన్డేలు, 173 వికెట్లు, ఆఖరు మ్యాచ్‌ల అయిదు. గట్ల ఏసినోనికి మళ్ల ఒక్క వన్డే ఇయ్యలే. గాయాలైనయ్ నిజమే. 2013 చాంపియన్స్ ట్రోఫీ జట్టుల పెట్టిన్రు గాని ఒక్క మ్యాచ్ ఆడియ్యలే. 2014ల మన సన్‌రైజర్స్‌కు వచ్చేటాళ్లకు ఆట చాన వరకు అయిపోయింది, ఆ బౌలింగ్ జట్టుల స్టెయిన్, భువనేశ్వర్ ఉండిరి.


తెనాలి_థర్డ్‌మ్యాన్

భువనేశ్వర్ని చూస్తే ఇర్ఫాన్ ఏం చేయాల్సిందో తెలుస్తది. అతనూ 130 లోపు స్వింగ్ బౌలర్‌గానే వచ్చాడు. తర్వాత చివరి ఓవర్ల యార్కర్, నకుల్ బాల్ (వేళ్ల కణుపులతో పట్టి వేసే నెమ్మది బంతి) నేర్చుకున్నాడు. ఐపీఎల్‌లో 2016లో 23, 2017లో 26 వికెట్లు, రెండేళ్లూ పర్పుల్ క్యాప్ (అందరికన్నా ఎక్కువ వికెట్లకి ఇచ్చేది). స్వింగ్ లేని పిచ్ మీద కూడా పనికొచ్చేవాడు.


సీమ్_సుబ్బరాజు

అవును. కోటీ, నీకు వీడియోలు దొరికితే ఒక పని చెయ్. అడిలైడ్ 2003, కరాచీ 2006, పెర్త్ 2008, ఈ మూడూ బౌలర్ వెనక కెమెరాలోంచి చూడు. ముందు కాలు నేలకి తగిలిన ఫ్రేమ్ దగ్గర ఆపు. మూడు చూడాలి. కుడి మోచేయి ఇంకా బ్యాటర్ వైపే ఉందా, పక్కకి పడిపోయిందా. తల ముందు కాలి మీద ఉందా, ఆఫ్ వైపు ఒరిగిందా. వెనక కాలు స్టంపులకి ఎంత దూరం. ఆ తర్వాతే సీమ్ చూడు, ముందే సీమ్ చూస్తే తప్పు చోట వెతుకుతావు.


కొత్తబంతి_కోటి

అడిలైడ్, పెర్త్ చూశా. అడిలైడ్‌లో మోచేయి చివరిదాకా బ్యాటర్ వైపే ఉంది. పెర్త్‌లో రోజర్స్‌కి వేసిన బంతిలో దాదాపు అలాగే ఉంది, కానీ తర్వాతి స్పెల్‌లో ముందే పడిపోతోంది. కరాచీది బౌలర్ వెనక నుంచి దొరకలేదు, పక్క నుంచి తీసిందే ఉంది. ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.


తెనాలి_థర్డ్‌మ్యాన్

రాత్రికి వెతుకుతా. అక్మల్ సెంచరీ భాగం మాత్రం పెట్టను.